50 శాతం స్కాలర్‌షిప్ అంటున్నారు, 4 రోజుల్లో 50 వేలు కట్టమంటున్నారు: కట్టాలా?

కొండపి దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మాకు 3 ఎకరాల సొంత పొలం, కొంత కౌలు, ఒక పొగాకు బ్యారన్ ఉన్నాయి. మేం బీసీలం. ఆదాయ ధ్రువపత్రం లక్షా 20 వేలకు ఉంది. పాపకు ఇంటర్ ఎంపీసీలో 978 మార్కులు, ఈఏపీసెట్‌లో 14 వేల ర్యాంకు వచ్చాయి. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్ళు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటుకు 50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ అని లెటర్ పంపారు. 4 రోజుల్లో 50 వేలు కట్టకపోతే స్కాలర్‌షిప్ పోతుందట. మా ఆయన రోజూ పొగాకు వేలం కేంద్రం చుట్టూ తిరుగుతున్నారు, ఫోన్లన్నీ నాకే వస్తున్నాయి. కట్టమంటారా?"

అమ్మా, ఈ 4 రోజుల్లో కట్టకండి. ఎందుకో చెబుతాను, నిదానంగా చదవండి.

నేను ఒక ప్రైవేట్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో 14 ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు రిటైరై ఒంగోలులో ఉంటున్నాను. మీకు వచ్చినలాంటి లెటర్లు కొన్ని వేలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ 50 శాతం మీ పాప కోసం ప్రత్యేకంగా కూర్చుని నిర్ణయించినది కాదు. ఇన్ని మార్కులకు ఇంత, ఇంత ర్యాంకుకు ఇంత అని ముందే ఒక పట్టిక ఉంటుంది. స్లాబ్ అంటారు. 978 మార్కులున్న ఏ పిల్లకైనా అదే లెటర్ వెళుతుంది. ఆ పట్టిక అమల్లో ఉన్నంత కాలం మీ పాప అర్హత ఎక్కడికీ పోదు. అడ్మిషన్ల దశ మారినప్పుడు స్లాబ్ తగ్గించే యూనివర్సిటీలు ఉన్నాయి, కాదనను. అలాంటి తేదీ ఉంటే వాళ్ళ వెబ్‌సైట్‌లో రాసి ఉంటుంది. ఫోన్‌లో చెప్పిన గడువు, వెబ్‌సైట్‌లో రాసిన గడువు ఒకటేనా అన్నది ఈ రాత్రికే పాపతో చూపించుకోండి. ఒకటి కాకపోతే ఆ 4 రోజుల మాట ఫోన్ చేసినవాళ్ళ టార్గెట్ గడువు, మీది కాదు.

ఇక లెటర్ సంగతి. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో 50 శాతం అని ఉంటుంది. మీరు చదవాల్సింది రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు. ముఖ్యంగా ఒక్క వాక్యం: రెండో ఏడాదికి స్కాలర్‌షిప్ కొనసాగాలంటే ఎంత సీజీపీఏ (పదికి లెక్కవేసే గ్రేడ్ల సగటు) ఉండాలి? కొన్నిచోట్ల 7.5 చాలు. కొన్నిచోట్ల 8, 8.5, ఇంకా ఎక్కువ కూడా అడుగుతారు. ఒక్క సబ్జెక్టు తప్పినా పోతుందని కూడా రాసి ఉంటుంది. ఇంటర్‌లో 97 శాతం తెచ్చిన పిల్లకు 8.5 ఏం కష్టం అనిపిస్తుంది మీకు. అక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరపాటు పడతారు.

చాలా ప్రైవేట్ యూనివర్సిటీల్లో రిలేటివ్ గ్రేడింగ్ ఉంటుంది. అంటే మీ పాపకు వచ్చిన మార్కుకు నేరుగా గ్రేడ్ ఇవ్వరు, క్లాసులో మిగతా వాళ్ళతో పోల్చి ఇస్తారు. సీఎస్ఈ క్లాసులో కూర్చునేది ఎవరు? చాలామంది స్కాలర్‌షిప్ మీద వచ్చిన టాపర్లే. ఆ 60 మందిలో సగటు పిల్లకు 80 మార్కులు వస్తే, 80 తెచ్చుకున్న మన పిల్లకు కూడా సగటు గ్రేడే వస్తుంది. బాగా చదివింది, గ్రేడ్ మాత్రం రాలేదు. పైగా మన పిల్లలు రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా ఎవరో చదివిస్తే చదివినవాళ్ళు. అక్కడికి వెళ్ళగానే ఎవరూ లేపరు, ఎవరూ అడగరు. మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ కొత్త, ఇంగ్లిష్‌లో ప్రజెంటేషన్ కొత్త, ఇంటి మీద బెంగ వేరే. మొదటి ఏడాది తగ్గి, రెండో ఏడాది నుంచి పుంజుకున్న పిల్లల్ని ఎంతోమందిని చూశాను. కానీ స్కాలర్‌షిప్ ఆ పుంజుకునేదాకా ఆగదు.

నేను పనిచేసినచోట ఒక అబ్బాయి ఫైలు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. కనిగిరి వైపు పల్లె, ఇంటర్‌లో కాలేజీ ఫస్ట్. షరతు 8.0, వాడికి వచ్చింది 7.91. వాళ్ళ నాన్న వచ్చి నా టేబుల్ ముందు నిలబడి, "0.09 కోసం లక్షన్నర కట్టమంటారా సార్" అని అడిగారు. పైవాళ్ళకు నోట్ పెట్టాను. రూల్ రూలే అని తిరిగొచ్చింది. రెండో ఏడాది ఆ అబ్బాయి 8.6 తెచ్చుకున్నాడు. అయినా ఒకసారి పోయిన స్కాలర్‌షిప్ తిరిగి ఇచ్చే నిబంధన అక్కడ లేదు. ఆ కుటుంబం 3 ఏళ్ళు పూర్తి ఫీజు కట్టింది. ఆ నోట్ ఇంకా గట్టిగా రాయాల్సిందేమో అని నాకు ఈ రోజుకీ అనిపిస్తుంది. అందుకే మీరు ఫోన్ చేసినవాళ్ళను తప్పకుండా అడగండి: లెక్క సెమిస్టర్‌కు చూస్తారా, ఏడాదికి చూస్తారా? ఒకసారి పోతే, మళ్ళీ గ్రేడ్ వచ్చాక తిరిగి ఇస్తారా? ఏడాదికేడాది ఫీజు పెరిగితే 50 శాతం ఆ పెరిగిన ఫీజు మీదనా, లేక మొదటి ఏడాది ఎంత తగ్గించారో అంతేనా? జవాబు ఫోన్‌లో వద్దు, మెయిల్‌లో పంపమనండి. మెయిల్ పంపడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ లెటర్‌లోని అంకెలు మీరు రాయలేదు కాబట్టి ఉదాహరణకు ట్యూషన్ ఫీజు 3,20,000 అనుకుందాం. సగం పోతే 1,60,000. స్కాలర్‌షిప్ దాదాపు ఎప్పుడూ ట్యూషన్ ఫీజు మీదే, హాస్టల్ మీద ఉండదు. హాస్టల్, మెస్ కలిపి 1,30,000 వేసుకోండి. పరీక్ష ఫీజు, ఇతర ఫీజులు 20,000. పుస్తకాలు, రాకపోకలు, ల్యాప్‌టాప్ ఖర్చులో ఒక ఏడాది వాటా కలిపి 25,000. ఏడాదికి 3,35,000 అయింది. 4 ఏళ్ళకు 13,40,000, అదీ ఫీజు ఒక్క రూపాయి పెరగకపోతే. మొదటి ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ పోతే ఇంకో 4,80,000 కలిసి 18,20,000. మీరు నిర్ణయం తీసుకోవాల్సింది ఈ రెండో అంకెను చూసి. అది కట్టగలమా అనుకుని, కట్టగలం అనిపిస్తేనే వెళ్ళాలి. ఒక ఏడాది పొగాకుకు రేటు వస్తుంది, ఇంకో ఏడాది బేళ్ళు నో బిడ్ అయి, అంటే పాడేవాళ్ళు లేక, వెనక్కి వస్తాయి. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

దీని పక్కన రెండో లెక్క పెట్టండి. మీ పాపకు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వం ఈఏపీసెట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో, సీటు వస్తే, బీసీ కుటుంబం, ఆదాయం 2.5 లక్షల లోపు, భూమి పరిమితి లోపు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. భూమికి పరిమితి 10 ఎకరాల మాగాణి లేదా 25 ఎకరాల మెట్ట, మీది 3 ఎకరాలే. ఈ పథకం 2008 నుంచి ఏదో ఒక పేరుతో నడుస్తూనే ఉంది. మొన్నటిదాకా విద్యా దీవెన అన్నారు, ఇప్పుడు ఆర్‌టీఎఫ్ (ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్) అంటున్నారు. ఒంగోలులోనో నెల్లూరులోనో గుంటూరులోనో మంచి కాలేజీలో ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కడితే, హాస్టల్‌కు 90,000, పుస్తకాలు వగైరాకు 25,000 వేసినా 4 ఏళ్ళకు 4,60,000. యూనివర్సిటీ లెక్కలో తక్కువ అంకెతో పోల్చినా 8,80,000 తేడా. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీలు పిల్లల్ని కట్టమని ఒత్తిడి చేయడం జరుగుతుంటుంది, హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుకు కాస్త చేతిలో ఉంచుకోవాలి. అయినా ఆ ఇబ్బందికీ 9 లక్షల అప్పుకూ పోలిక లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. ప్రైవేట్ యూనివర్సిటీ అంటే అన్నీ ఒక్కటి కాదు. వడ్డేశ్వరంలోని కేఎల్, వడ్లమూడిలోని విజ్ఞాన్, విశాఖలోని గీతం డీమ్డ్ యూనివర్సిటీలు, అంటే కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థలు. ఐనవోలులోని వీఐటీ-ఏపీ, నీరుకొండలోని ఎస్‌ఆర్‌ఎం-ఏపీ మాత్రం రాష్ట్రం 2016లో చేసిన ప్రైవేట్ యూనివర్సిటీల చట్టం కింద 2017లో మొదలైనవి. ఈ రెండో రకం వాటిలో 2021-22 నుంచి 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారా నింపుతున్నారు. ఆ సీటులో చేరితే ఫీజు ప్రభుత్వం నిర్ణయించినదే, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్ కూడా. అదే క్యాంపస్, అదే క్లాసు, అదే పట్టా. కౌన్సెలింగ్‌లో కాలేజీల వరుస ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు వీటిని పైన పెట్టండి. ఆప్షన్ పెట్టినందుకు పోయేదేమీ లేదు. మీ లెటర్ పంపిన యూనివర్సిటీ ఈ కోవలోదే అయితే, 50 శాతానికి కొనబోయే సీటే కౌన్సెలింగ్‌లో రావచ్చు. ర్యాంకు పెద్దదని ముందే వదిలేయకండి. బీసీ రిజర్వేషన్‌లో, ఆడపిల్లల కోటాలో గత ఏడాది చివరి ర్యాంకులు ఎంతవరకు వెళ్ళాయో చూసి పెట్టండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. యూనివర్సిటీ సొంత అడ్మిషన్‌లో, మెరిట్ స్కాలర్‌షిప్ మీద చేరితే ఈ రీయింబర్స్‌మెంట్ రాదు. "చేరాక అప్లై చేసుకోవచ్చులే" అని ఫోన్‌లో ఎవరైనా అంటే నమ్మకండి. కన్వీనర్ ద్వారా వచ్చిన సీటుకే అది.

స్కాలర్‌షిప్ అన్న పేరు లేకుండానే మెరిట్‌కు ఫీజు తగ్గే చోట్లు కూడా ఉన్నాయి. వీఐటీలో వాళ్ళ సొంత ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి 5 ఫీజు కేటగిరీలు ఉంటాయి. ఒకే బ్రాంచికి మొదటి కేటగిరీ ఫీజుకూ ఐదో కేటగిరీ ఫీజుకూ చాలా తేడా. బోర్డు టాపర్లకు, జిల్లా టాపర్లకు విడిగా ఫీజు మినహాయింపులు ఉన్నాయి. మీ చిన్నబ్బాయో, చుట్టాల పిల్లలో ఇంటర్‌కు వస్తుంటే ఈ పరీక్షల సంగతి ముందే చూసుకోమనండి. మీ పాపకు ఈ ఏడాదికి అది దాటిపోయింది.

బయటి స్కాలర్‌షిప్‌ల మాటకొస్తే, కేంద్ర ప్రభుత్వ పీఎం-యూఎస్‌పీ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. ఏటా దేశం మొత్తం మీద 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు, అందులో సగం ఆడపిల్లలకు. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ పైన, అంటే పై 20 శాతం మందిలో, ఉండాలి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. బీటెక్‌లో మొదటి 3 ఏళ్ళు ఏడాదికి 12,000, నాలుగో ఏడాది 20,000. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకు మాత్రమే. ఏడాదికి 50,000, ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరికి దాకా. కాలేజీకి ఏఐసీటీఈ ఆమోదం ఉండాలి, మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. రెండూ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. కానీ ఒకేసారి రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తీసుకోవడానికి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే పీఎం-యూఎస్‌పీ రాదు. కాబట్టి కన్వీనర్ సీటు వస్తే ఆర్‌టీఎఫ్, రాక ప్రైవేట్‌లో చేరితే ప్రగతి, ఇలా ఒక దారి ఎంచుకోవాలి.

కంపెనీల ఫౌండేషన్లు ఇచ్చేవి వేరు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొత్తానికి 2 లక్షల దాకా ఇస్తుంది, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది, మొదటి ఏడాది పిల్లలకే. కోటక్ కన్యా అని ఆడపిల్లలకు ఏడాదికి లక్షన్నర ఇచ్చేది ఉంది, ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి, కాలేజీకి న్యాక్ (నాణ్యత గ్రేడ్) లేదా ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ర్యాంకుల జాబితా) గుర్తింపు ఉండాలి. ఏది ఎక్కడ అప్లై చేసినా డబ్బు మాత్రం కట్టకండి. దరఖాస్తుకు ఫీజు అడిగే స్కాలర్‌షిప్ స్కాలర్‌షిప్ కాదు.

అప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫోన్ చేసినవాళ్ళు తర్వాతి మాటగా "మేమే లోన్ ఇప్పిస్తాం" అంటారు. వాళ్ళు ఇప్పించే లోన్ బ్యాంకుదో, ఫైనాన్స్ కంపెనీదో ముందు అడగండి. బ్యాంకులో విద్యా రుణం 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా వస్తుంది. టెక్నికల్ కోర్సుల్లో 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది, మొత్తం వడ్డీ కేంద్రం కట్టే సబ్సిడీ ఉంది. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో మంచి స్థానం ఉన్న సంస్థలకు హామీ కూడా లేకుండా రుణం ఇస్తారు, 8 లక్షల లోపు ఆదాయానికి 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. ఫైనాన్స్ కంపెనీ అప్పుకు ఈ సబ్సిడీలు ఏవీ ఉండవు. 10 లక్షల అప్పు 10 శాతం వడ్డీకి, 10 ఏళ్ళకు తీసుకుంటే నెలకు 13,200 దాకా వాయిదా పడుతుంది. పాప మొదటి ఉద్యోగం జీతంలో అది ఎంత వాటానో ఒకసారి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, పాప కూడా ఉండాలి.

అన్నీ చూశాక అక్కడికే పంపాలని నిర్ణయించుకుంటే, ఇంకో రెండు పనులు చేయండి. మెరిట్ స్కాలర్‌షిప్ బ్రోచర్‌లో ఉంటుంది కానీ ఆర్థిక సహాయం అనేది చాలాచోట్ల బ్రోచర్‌లో ఉండదు. అడిగినవాళ్ళకే దొరుకుతుంది. మా ఆఫీసులో ఏటా దానికంటూ కొంత డబ్బు ఉండేది. తండ్రి చనిపోయిన పిల్లలు, పంట పోయిన ఇళ్ళ పిల్లలు అర్హులే. కానీ అడగాలని తెలియక ఎంతమంది చదువు మానేశారో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రిజిస్ట్రార్ పేరు మీద ఒక పేజీ అర్జీ రాయండి, తెలుగులో అయినా పర్వాలేదు. ఆదాయ ధ్రువపత్రం, కౌలు సంగతి, గత రెండు సీజన్ల పొగాకు అమ్మకాల రశీదులు జత చేయండి. "దయచేసి సాయం చేయండి" అని రాస్తే ఫైలు కదలదు. ఏడాదికి మేం ఇంత కట్టగలం, ఇంత తక్కువ పడుతోంది అని అంకె రాయండి. అంకె ఉన్న అర్జీ మీద అధికారి ఒక నిర్ణయం రాయగలడు.

రెండోది వాయిదాలు. ఫీజు జూన్, జూలైలో అడుగుతారు. మీకు వేలం డబ్బు ఆ నెలల్లో కొంత వస్తుంది, చివరి బేళ్ళ డబ్బు వచ్చేసరికి ఆగస్టు కూడా కావచ్చు. గడువు తేదీకి ముందే వాయిదాలకు అర్జీ పెడితే మేం దాదాపు ఎప్పుడూ ఒప్పుకునేవాళ్ళం. గడువు దాటాక వస్తే అదే అర్జీకి లేట్ ఫీజు పడేది.

ఎక్కడైనా సరే, సీటు కోసం డబ్బు కట్టినా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి రాకండి. చూసి తిరిగి ఇవ్వాలి, వాటిని అట్టిపెట్టుకోవడాన్ని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ నిషేధించింది. కట్టాక మానుకుంటే డబ్బు తిరిగి రావడానికి కూడా యూజీసీ నిబంధన ఉంది. 2018 నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందు మానుకుంటే దాదాపు పూర్తిగా (ప్రాసెసింగ్ ఖర్చు కింద 5 శాతం, గరిష్ఠంగా 5 వేలు పట్టుకోవచ్చు), తర్వాత మెట్లు మెట్లుగా తగ్గుతూ, చివరి తేదీ దాటి 30 రోజులయ్యాక ఏమీ రాదు. 2024-25లో అయితే సెప్టెంబరు 30 దాకా మొత్తం ఇవ్వాలని, అక్టోబరు 31 దాకా వెయ్యికి మించి పట్టుకోకూడదని యూజీసీ చెప్పింది. ఈ ఏడాది తేదీ ఏమిటో చూసుకోండి. "నాన్ రీఫండబుల్" అని రశీదు మీద ముద్ర ఉన్నా ఈ నిబంధన చెల్లుతుంది. ఇవ్వకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. అయినా కట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఎంత శ్రమో నేను అవతలి వైపు కూర్చుని చూశాను కాబట్టి, కట్టకుండా ఆగడమే తేలిక అంటున్నాను.

కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు మీరు చేయాల్సిన పని వేరే ఉంది. పాప టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోర్టల్ జ్ఞానభూమిలో దరఖాస్తు ఆగిపోతుంది. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, రైస్ కార్డు, పాప బ్యాంకు ఖాతాకు ఆధార్, ఎన్‌పీసీఐ లింక్ (ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలో పడటానికి కావాల్సినది) అయ్యాయా అన్నది సచివాలయంలో వెల్ఫేర్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను అడిగితే చెబుతారు. ఆధార్ మార్పుకు కొన్ని రోజులు పడుతుంది, అందుకని ఈ వారంలోనే, వేలం లేని రోజు చూసుకుని వెళ్ళండి. యూనివర్సిటీ నుంచి ఫోన్ వస్తే, "మా పాప కౌన్సెలింగ్ చూశాక చెబుతాం, షరతులు మెయిల్‌లో పంపండి" అనండి. మెయిల్ వస్తే ఆ సీజీపీఏ అంకె ఇక్కడ రాయండి, మిగతా లెక్క మీ అంకెలతోనే వేసి ఇస్తాను.